కైఫియతుల మెకంజీ

కలకత్తా పార్కు వీథిలోని దక్షిణ శ్మశానవాటికకు పోయిన వారు సాధారణముగా సర్ విలియం జోన్సు సమాధి చెంత నిలుతురు. ఆకాశమునంటు నా స్తంభమును చూడని యాత్రికుడు లేడు. 1767లో తెరువబడిన ఆ వాటికయందే 1821లో మరియొక విద్యాప్రియుని ఖననము చేసిరి. ఆతడు ఈస్టిండియా కంపెనీ సేనలో ఇంజనీరు. భారతదేశమునకు ప్రథమ సర్వేయర్ జనరలు. పేరు కాలిన్ మెకంజీ. జోన్సు సంస్కృతమునకు చేసిన ఉపకారమును పాఠశాల బాలురు సైతము చెప్పగలరు. మెకంజీ తెలుగు పల్లెలకు చేసిన ఉపకారమును తెలుగువారిలోనే పలువు రెరుగరు. గుంటూరు, కడప, నెల్లూరు సీమలలో ఒక గ్రామమునకు ఆ పేరెట్లు వచ్చెను, చెరువు నెవరు త్రవ్వించిరి, దేవళమునకు మాన్య మెవరిచ్చిరి అను ప్రశ్నలకు రెండు వందల ఏండ్ల నాటి లిఖిత సమాధాన మున్నదనిన, అది పెక్కు తావులలో ఆతడు సేకరింపించినదియే.

మెకంజీ స్కాట్లండు దేశస్థుడు. ఆ దేశమునకు వాయవ్యమున అట్లాంటిక్ సముద్రములోనున్న లూయీ ద్వీపమందలి స్టార్నోవే రేవుపట్టణమున 1754 ప్రాంతమున జన్మించెను. గాలియు వానయు చేపలవేటయు తప్ప వేరొక సంపద లేని చోటది. యౌవనమున ఆతడు ఆ రేవులోనే సుంకపు కచేరీయందు ఉద్యోగము చేసెను. గణితమునందు అభిరుచి మెండు. లాగరితములను కనిపెట్టిన జాన్ నేపియరు వంశమునకు చెందిన నేపియరు ప్రభువు తన పూర్వికుని జీవితచరిత్ర వ్రాయ సంకల్పించి, హిందువుల గణితమును గూర్చిన సమాచారము సేకరించు పనిని ఈ యువకునికి అప్పగించెను. ఆ పనియే ఆతని చూపును ఇటు మరలించినది. 1783 సెప్టెంబరు 2వ తేదీన ఆతడు చెన్నపట్టణమున దిగెను. అప్పటికే ముప్పదియేండ్లు సమీపించుచుండెను. సైన్యములో నూతనముగా చేరువానికి అది చిన్న వయస్సు కాదు.

నేపియరు కుమార్తె హెస్టరు, ఆమె భర్త శామ్యూల్ జాన్‌స్టను అప్పుడు మధురలో నివసించుచుండిరి. అచటి పండితులతో వారికి పరిచయముండెను. మెకంజీ వారి యింట అతిథియై, ఆ పండితుల ప్రసంగములు వినెను. ఈ దేశమునందలి విద్యయు చరిత్రయు గ్రంథముల కంటె మనుష్యుల వద్ద నెక్కువగా నున్నవని ఆతనికి అచటనే తోచి యుండును. కాని కోరిక వేరు, ఉద్యోగము వేరు. పదుమూడేండ్లు ఆతనికి యుద్ధములతోడను బదిలీల తోడను గడచిపోయెను. మూడవ మైసూరు యుద్ధము, పుదుచ్చేరి ముట్టడి, సింహళ దండయాత్ర - ఒకచోట పెట్టె విప్పులోపల మరియొక చోటికి హుకుము వచ్చుచుండెను. తాను నిజముగా చేయదలచిన పనికి ఆ కాలమంతయు అక్కరకు రాలేదని ఆతడు పిదప ఒక లేఖలో వాపోయెను. ప్రభుత్వోద్యోగము చేసినవారికి ఆ బాధ వివరింప నక్కరలేదు.

ఐనను ఆ సంవత్సరములు పూర్తిగా వ్యర్థములు కావు. 1788లో గుంటూరు సర్కారు నైజామునుండి కంపెనీ చేతికి వచ్చినప్పుడు ఆ ప్రాంతపు మోజణీకి నియుక్తులైన వారిలో మెకంజీ యొకడు. కృష్ణకు దక్షిణమున నల్లరేగడి నేలలు, కొండవీటి దుర్గము, సముద్రతీరపు బాటలు ఆతనికి అప్పుడు పరిచితములయ్యెను. 1792 తరువాత నైజాము రాజ్యములో నిలిపిన కంపెనీ సేనతో దక్కను దేశపటము తయారుచేయుటకు పోయెను. 1794లో నల్లమల అడవులు దాటి శ్రీశైలము చేరెను. మల్లికార్జునుని ఆలయ ప్రాకారమున చుట్టును చెక్కిన ఏనుగులు, గుర్రములు, వేటలు, పురాణ గాథలను చూచి ఆశ్చర్యపడి, ఆ క్షేత్రమును గూర్చి వ్యాసము వ్రాసెను. అది కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ వారి పరిశోధన సంపుటములలో 1798లో అచ్చయ్యెను.

మెకంజీకి ఒక పెద్ద లోపముండెను. ఈ దేశభాషలలో ఏ యొక్కదానియందును ఆతనికి ప్రవేశము లేదు. జీవితాంతము వరకు ఆ లోప మట్లే యుండెను. దానిని ఆతడు దాచనులేదు. మన చరిత్రను సేకరించిన వారిలో అగ్రగణ్యుడని కీర్తింపబడు నాతడు తాను సేకరించిన కాగితములలో ఒక్క పంక్తినైనను స్వయముగా చదువలేకుండెను. కనుక ఈ కథయందు ఆతని తరువాత చెప్పవలసిన పేర్లు కావు, ఆతనితోపాటు చెప్పవలసిన పేర్లు కొన్ని గలవు.

1796లో ఆతనికి కావలి వేంకట బొర్రయ్య లభించెను. బొర్రయ్య ఏలూరి నియోగి బ్రాహ్మణుడు. అప్పటికి ఇరువదేండ్ల వయస్సు. తెలుగు సంస్కృతములేగాక ఇంగ్లీషును నేర్చినవాడు. దుబాసీలు ఆనాడు కోకొల్లలు. వారిలో అధికసంఖ్యాకులు దొర చెప్పిన దానిని ప్రజలకును, ప్రజలిచ్చిన దానిని దొరకును చేరవేసి, నడుమ తమ భాగము తాము తీసికొనువారు. బొర్రయ్య వేరు తరగతికి చెందినవాడు. ఆతడు శాసనములు వెదకెను, పండితులతో చర్చించెను, ఎచటకు పోయిన ఏమి దొరకునో ముందుగా ఊహించెను. తనకు భారతీయ విజ్ఞానమను మందిరపు ద్వారమున తొలి యడుగు పెట్టించినది ఈ యువకుడే యని మెకంజీ 1817లో మిత్రునికి వ్రాసిన లేఖలో నిస్సంకోచముగా ఒప్పుకొనెను. దొరలు అట్టి మాటలు కాగితముపై పెట్టుట ఆ రోజులలో అరుదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత మైసూరు రాజ్యమును సర్వే చేయు పని మెకంజీకి వచ్చెను. దాదాపు నలుబది వేల చదరపు మైళ్ల ప్రదేశము; 1810 వరకు సాగిన పని. జ్వరములు, చాలని సహాయకులు, మధ్యలో కంపెనీ వారు భత్యమును సగమునకు తగ్గించుట - ఇన్ని ఇబ్బందులు. అయినను మెకంజీ గొలుసుతోను దుర్భిణితోను నేలను కొలుచుటతో తృప్తిపడలేదు. ఆ నేలపై నివసించు జనుల కులములు, వృత్తులు, దేవాలయములు, పూర్వరాజుల వంశావళులు, భూమి హక్కులు, శాసనములు - ఇవన్నియు పటముతోపాటు నమోదు కావలెనని ఆతని పట్టుదల. ఈ పనివారికి జీతములు పెక్కు భాగము తన సొంత సొమ్మునుండియే యిచ్చెను.

మైసూరు సీమలో బొర్రయ్య ప్రజ్ఞ పూర్తిగా వెల్లడియయ్యెను. హళెగన్నడ లిపిలోని ప్రాచీన శాసనములు అచటి వారికే అర్థము కాకుండెను. ఆతడు శ్రమించి ఆ లిపిని చదువు మార్గము సాధించెను. జైనుల మతాచారములను గూర్చి ఒక జైనగురువు చెప్పిన వృత్తాంతమును ఇంగ్లీషులోనికి అనువదించెను. అది 1807లో ఆసియాటిక్ సొసైటీ సంపుటమున బొర్రయ్య పేరుతోనే వెలువడెను. కాని తన పేరు అచ్చులో చూచుకొను భాగ్యము ఆతనికి లేకపోయినది. 1803లోనే, ఇరువదియారేండ్ల ప్రాయమున, ఆతడు మరణించెను. ఆతని స్మృత్యర్థము మెకంజీ చెన్నపట్టణమున స్మారకము కట్టించెను. బొర్రయ్య మరి ముప్పదియేండ్లు జీవించియున్నచో దక్షిణదేశ శాసనపరిశోధనమున ప్రథమాచార్యు డెవరను ప్రశ్నకు నేడు వేరొక సమాధానము చెప్పుకొనుచుండెడివారమేమో.

అన్న స్థానమును తమ్ముడు కావలి వేంకట లక్ష్మయ్య గ్రహించెను. బొర్రయ్యలో స్ఫురణ హెచ్చు. లక్ష్మయ్యలో కార్యనిర్వహణ దక్షత హెచ్చు. కైఫియతుల సేకరణమను మహాకార్యము ఒక కచేరీవలె నడచినదనిన అది లక్ష్మయ్య చలువ. ఏ మనిషి ఏ సీమకు పోవలెను, ఏయే ప్రశ్నలు వేయవలెను, నెలకొకమారు ఎట్లు నివేదిక పంపవలెను అనునది ఆతడు నిర్ణయించెడివాడు. ఆతని యాజమాన్యమున నారాయణరావు, నిటల నయన మొదలగువారు తెలుగు, కన్నడ, తమిళ, మహారాష్ట్ర దేశములలో ఏండ్లతరబడి తిరిగిరి. మేలెయూరి జైనపండితుడు ధర్మయ్య జైనశాసనములు చదివెను. తమ్ములలో మరియొకడైన రామస్వామియు ఈ కొలువులోనే యుండెను.

కైఫియతు అనునది అరబ్బీ పదము. పారసీక కచేరీ భాష ద్వారా మనకు వచ్చినది. స్థితిగతుల వివరణము అని అర్థము. మెకంజీ గుమాస్తా ఒక గ్రామమునకు పోవును. కరణమును పిలిపించును. గ్రామనామ మెట్లు కలిగెను, పూర్వము ఏ రాజులు పాలించిరి, ఎన్ని దేవళములున్నవి, అగ్రహారములెన్ని, శ్రోత్రియములెన్ని, చెరువులెన్ని, ఎవరికి ఏ మిరాసీ ఉన్నది అని అడుగును. కరణము తన యింటి అటకపై పెట్టెలోనున్న కవిలెకట్ట దించును. తాతముత్తాతలనాడు వ్రాసిన లెక్కలు, దానపత్రములు అందుండును. లేనిచోట వృద్ధుల నోటిమాటయే ఆధారము. దేవళములోని రాతిశాసనమునకు నకలు తీయుదురు. ఇదంతయు తెలుగులో వ్రాసి, ఆ మౌజే ఏ తాలూకాలోనిది, ఏ సర్కారులోనిది తలకట్టున పేర్కొని, చెన్నపట్టణమునకు పంపుదురు.

చెప్పుటకు ఇంత సులభమే గాని చేయుటకు అంత సులభము కాదు. కంపెనీ మనిషి ఊరికి వచ్చి మాన్యముల వివరము లడిగిన, ఏ గ్రామస్థుడు ధైర్యముగా చెప్పును? ఇనాములు తీసివేయుటకో, శిస్తు పెంచుటకో వచ్చినాడని అనుమానింపకుండునా? ఆ అనుమానము నిష్కారణము కాదు. కంపెనీ సర్వేలు దండయాత్రలకును పన్నులకును ఉపయోగపడుటకు పుట్టినవే. మెకంజీ కంపెనీ సేవకుడే గాని సన్న్యాసి కాడు. అట్టి స్థితిలో కరణములు పెట్టె తెరచిరనిన, అందుకు కారణము దొర హోదా ఒక్కటియే కాదు. వచ్చి యడిగినవాడు తమ భాష మాటాడువాడు, తమ యాచారములు తెలిసినవాడు. హుకుముతో ఊరిలో ప్రవేశింపవచ్చును. కవిలెకట్ట దింపించుటకు వరుసలు కలిపి మాటాడు నేర్పు కావలెను.

గుంటూరు సీమ కైఫియతులు చదువుకొలది రుచి. చాల గ్రామములలో కథ ముక్కంటి మహారాజుతో ప్రారంభమగును. ఆ పిదప చోళులు, గణపతిదేవుడు, ప్రతాపరుద్రుడు, కొండవీటి రెడ్లు, గజపతులు, కృష్ణరాయలు, గోలకొండ నవాబులు, మొగలులు, చివరకు కంపెనీ. పల్లెటూరి కరణము తన యూరిని దేశచరిత్రయంతటితోను ఇట్లు ముడివేసెను. కరణపు మిరాసీకి మూలకథయు అందే యున్నది. గోపరాజు రామన్న అను మంత్రి ఒక గ్రహణ పుణ్యకాలమున నియోగి బ్రాహ్మణులకు గ్రామ కరణికములు పంచిపెట్టెనని పెక్కు గ్రామముల కైఫియతులు చెప్పును. ఇది ఎంతవరకు చరిత్ర, ఎంతవరకు కరణములు తమ హక్కును బలపరచుకొనుటకు చెప్పుకొన్న కథ యనునది విచారింపవలసిన విషయము. కథయే యైనను అది చరిత్రకు పనికివచ్చును; ఒక వ్యవస్థ తన్ను గూర్చి తా నేమి నమ్మెనో తెలుపును. ఆ కరణిక వ్యవస్థ 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాసనముచే రద్దయ్యెను. నేటి యువకులకు కవిలెకట్ట యనిన నిఘంటువు చూడవలసి వచ్చును.

కొండవీటి దండకవిలె ఈ కాగితములలో ప్రసిద్ధము. కృష్ణరాయలు 1515లో కొండవీడు పట్టిన వృత్తాంతము, ఆ దుర్గముక్రింద సీమలెట్లు విభజింపబడెనో ఆ వివరములు అందుండుటచే విజయనగర చరిత్రకారులు దానిని ఆదరించిరి. కడపటి కాలమున వాసిరెడ్డి, మల్రాజు, మానూరి, మాణిక్యారావు వంశములవారు గుంటూరు సర్కారును పంచుకొని పాలించిన తీరు తెలియవలెననినను ఇవియే ఆధారములు. పిడుగుపడి కూలిన గోపురము, గండిపడిన చెరువు, పాడుపడి మరల కట్టిన ఊరు, వలసపోయిన సాలెవారు - రాజుల శాసనములలో కానరాని ఇట్టి సంగతులు కరణపు వ్రాతలో గలవు. సంవత్సరములు తారుమారగును, ఒక రాజు పని మరియొకనికి అంటగట్టబడును, దేవతలు మనుష్యులతో కలిసి భూములు కొలుతురు. శాసనములతో సరిపోల్చకుండ దేనిని నమ్మరాదు. మల్లంపల్లి సోమశేఖరశర్మ, నేలటూరి వేంకటరమణయ్య వంటి పెద్దలు ఆ జల్లెడపట్టు పని చేసి చూపిరి.

గుంటూరు సీమలోనే మెకంజీ కనుగొన్న మరియొక నిధి అమరావతి. చింతపల్లి నుండి రాజధాని మార్చి అమరేశ్వరుని సన్నిధిని క్రొత్త పట్టణము నిర్మించుచున్న రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు, సమీపమున దీపాలదిన్నె యను మట్టిదిబ్బను త్రవ్వించి రాళ్లు తీయించుచుండెను. ఆ రాళ్లపై విచిత్రములైన శిల్పము లున్నవని విని 1797-98 ప్రాంతమున మెకంజీ పోయి చూచెను. అది బౌద్ధస్తూపమని అప్పటి కెవరికిని తెలియదు. ఆతడును జైనకట్టడమేమో యని తలచెను. అప్పుడు ఎక్కువ కాలము నిలుచుటకు వీలు కాలేదు. 1816లో చిత్రకారులతో మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ కోనేరు త్రవ్వబడియుండెను. శిల్పము లెన్నియో కట్టడములలో కలిసిపోయెను. మిగిలిన వానిని 1818 వరకు శ్రమపడి కొలిపించి చిత్రింపించెను. కొన్ని పలకలను కలకత్తా ఆసియాటిక్ సొసైటీకి పంపెను. ఆ చిత్రములలోని రాళ్లలో పెక్కు తరువాత అదృశ్యమయ్యెను. నేడవి ఉన్నట్లు తెలియుట ఆ బొమ్మలవలననే.

1811లో జావాద్వీపముపై కంపెనీ చేసిన దండయాత్రలో మెకంజీ పాల్గొని, రెండేండ్లు అచట గడపి, డచ్చివారి కాగితములు, జావా పురాతన వస్తువులు సేకరించెను. అచటనే 1812లో పెట్రొనెల్లా బార్టెల్సు అను డచ్చి యువతిని వివాహమాడెను. వరునికి ఏబదియెనిమిదేండ్లు. 1813లో తిరిగివచ్చి గంగాతీరమున ఆగ్రా, ఢిల్లీల వరకు సంచరించెను. 1815లో కంపెనీ వారు మూడు రాజధానుల సర్వేలను ఒక్కటి చేసి, భారతదేశ సర్వేయర్ జనరల్ పదవి కల్పించి మెకంజీని నియమించిరి. ఆ శాఖ నేటికిని కేంద్రప్రభుత్వ శాఖలన్నింటిలో మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటి.

1816లో చిత్రకారుడు థామస్ హికీ మెకంజీ పటము వ్రాసెను. అది లండనులో నున్నది. ఎర్రకోటు ధరించిన దొర ఒక్కడే అందులో లేడు. తాళపత్రములు చేతబట్టిన పండితుడు, దుర్భిణి పట్టిన బంట్రోతు, వెనుక మరియొక సహాయకుడు ఉన్నారు. పండితుడు ధర్మయ్య యనియు, వెనుకనున్నది లక్ష్మయ్య యనియు తలంతురు. దూరమున కొండపై గోమటేశ్వరుడు. తన పటములో తన కొలువువారిని నిలుపుకొనవలెనని కోరుట మెకంజీ స్వభావమునకు తగియున్నది.

1817లో మెకంజీ చెన్నపట్టణము విడిచి కలకత్తాకు కాపురము మార్చెను. పదవి తీసికొని రెండేండ్లు గడచినను అంతవరకు ఆతడు కదలకుండుటకు కారణము ఈ కాగితములే. దక్షిణదేశ పండితులు లేనిదే వానిని చదువువారుండరు. వారందరు ఇంటిని, బంధువులను వీడి వంగదేశమునకు రారు. తుదకు లక్ష్మయ్య మొదలగు కొందరు వెంట వచ్చిరి. తెలుగు ఉద్యోగులు కొలువు నిమిత్తము కలకత్తా చేరుట నేటి మాట కాదని ఇందువలన తెలియుచున్నది. అన్నము పప్పులకు, అద్దెయిండ్లకు, వానకాలపు జ్వరములకు వారేమి పాట్లు పడిరో వ్రాసిపెట్టలేదు గాని ఊహించుట కష్టము కాదు. సేకరించువారు కొందరు తెలుగుసీమలలోనే యుండి, కొన్ని యేండ్లు పని సాగించిరి.

కలకత్తాలో మెకంజీ ఆశించినది ఒక్కటే: ముప్పదియేండ్ల కూడబెట్టుబడిని క్రమపరచి, సూచిక వ్రాయుట. కచేరీ పని ఆ తీరిక నియ్యలేదు. ఆరోగ్యము క్షీణించెను. సముద్రపు గాలి మేలుచేయునని వైద్యులు చెప్పగా హుగ్లీనదిపై బయలుదేరి, 1821 మే 8వ తేదీన పడవలోనే కన్నుమూసెను. సూచిక వ్రాయబడలేదు. తాను సేకరించిన దానిని గూర్చి సేకరించినవాడే ఏమి తలచెనో లోకమునకు తెలియకపోయెను.

ఆతని భార్యనుండి ఆ సంచయమును కంపెనీ పదివేల పౌనుల విలువకు కొనెను. ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి హోరెసు హేమన్ విల్సను సూచిక వ్రాయు భారము వహించి 1828లో కలకత్తాలో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆతని లెక్క ప్రకారము వ్రాతప్రతులు 1,568, స్థానిక వృత్తాంతములు 2,070, శాసనముల నకళ్లు 8,076, చిత్రములు 2,630, పటములు 79, నాణెములు 6,218, విగ్రహములు 106. విల్సను సంస్కృతమున మహాపండితుడే గాని తెలుగు, తమిళ, కన్నడము లెరుగడు. మెకంజీ సహాయకులు వ్రాసియిచ్చిన అనువాదముల నాధారము చేసికొనియే ఆ సూచిక తయారయ్యెను.

కలకత్తా కావలివారికి మరియొక విధమున కలిసివచ్చెను. రామస్వామి ఇచటనే ఇంగ్లీషులో గ్రంథములు ప్రకటించెను. వేంకటాధ్వరి విశ్వగుణాదర్శమునకు ఆతని అనువాదము 1825లోను, దక్కను కవుల జీవితములు 1829లోను వెలువడెను. తెలుగు కవులను గూర్చి ఇంగ్లీషు చదువరులకు చెప్పిన తొలి గ్రంథములలో నది యొకటి. అందు రామస్వామి తన అన్న బొర్రయ్య జీవితమును గూడ చేర్చెను. ఆ యువకుని గూర్చి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగము అందుండియే వచ్చినది.

లక్ష్మయ్యకు మాత్రము కాలము కలిసిరాలేదు. ఆతడు చెన్నపట్టణమునకు మరలి, అచటి హిందూ సాహిత్య సంఘమునకు అధ్యక్షుడయ్యెను. మెకంజీ అర్ధాంతరముగా విడిచిన పనిని తాను కొనసాగింతునని ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. అర్జీ అభిప్రాయమునకై కలకత్తా ఆసియాటిక్ సొసైటీకి వచ్చెను. 1836లో అప్పటి కార్యదర్శి జేమ్సు ప్రిన్సెపు దానిని తిరస్కరింపుమని సలహా యిచ్చెను. విమర్శజ్ఞానముతో గ్రంథములు పరిశీలించుట ఒక దేశీయునికి సాధ్యము కాదనునది అందలి తాత్పర్యము. ఆ పనికి తగినవాడు పాదరీ విలియం టెయిలరని సూచించెను. ప్రిన్సెపు సామాన్యుడు కాడు. మరుసటి యేడే అశోకుని బ్రాహ్మీలిపిని ఛేదించి చరిత్రలో శాశ్వత స్థానమును పొందెను. అంతటివాడును ఈ విషయమున తొట్రుపడెను. ఏండ్లతరబడి ఆ సేకరణమును నడిపించిన మనుష్యునికి దానిని వివరింప అర్హత లేదనుటకు పాండిత్యముతో సంబంధము లేదు. పాలకుల గర్వముతో సంబంధమున్నది. మెకంజీ బ్రతికియున్న ఆ తీర్పును సహించియుండడు.

ఈ లోపల కాగితములు చెల్లాచెదరయ్యెను. కొన్ని లండనుకు పోయెను. దక్షిణ భాషల వ్రాతలు చెన్నపట్టణమునకు తిరిగివచ్చి, ఒక సంస్థనుండి మరియొక సంస్థకు చేతులు మారుచు పురుగులకు ఆహారమగుచుండెను. వానిని రక్షించుటకు తెలుగు వేమనను వెలికితీసిన సి. పి. బ్రౌను పూనుకొనెను. శిథిలమగుచున్న గ్రామవృత్తాంతములకు లేఖకులచే నకళ్లు వ్రాయించి అరువదికి పైగా సంపుటములు కట్టించెను. చరిత్రకారులు స్థానిక చరిత్రలని పేర్కొనునవి ఇవియే. మూలములు పలు తావుల నలుగగా, మన పెద్దలు ఎక్కువగా చదివినది ఈ నకళ్లనే.

నేడు ఆ వ్రాతలు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున నున్నవి. తెలుగు ప్రాంతములకు సంబంధించిన కైఫియతులలో కొన్ని అచ్చునకు వచ్చెను. కడపలో బ్రౌను నివసించిన స్థలమున వెలసిన పరిశోధన కేంద్రము ఆ జిల్లా కైఫియతులను సంపుటములుగా ముద్రించినది. ఆ సీమవారు సంపుటము తెరచి ముందుగా సొంత ఊరి పేరు వెదకుకొందురు. పుస్తకపు అట్టపై మెకంజీ పేరుండును. లోపల, ఊరి కథ ముగియు చోట, పలుమారు దానిని చెప్పిన కరణము పేరు, వ్రాసికొన్న గుమాస్తా పేరు కనబడును.